హాల్లో గ్రీకు కుండ

గృహప్రవేశం ఇంకా 22 రోజులుందనగా అమ్మ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. పాలరాయిలా తెల్లగా, నడుమెత్తు ఫ్లవర్ వాజులు రెండు. గుడి గంటని తలకిందులు చేసి నిలబెట్టినట్టుంది ఒక్కోటి. కింది సగమంతా ఆకులు, రెండు పక్కలా చెవుల్లాంటి పిడులు, అడుగున చదరపు పీట. మెసేజ్ ఒకటే: "గివి తీస్కుందాం. టీవీకి అటొకటి ఇటొకటి."

మీరూ చూసే ఉంటారు వీటిని. ఉప్పల్ నుంచి బోడుప్పల్ వైపు పోతుంటే కొత్త డూప్లెక్సుల పిట్టగోడల మీద, ఫంక్షన్ హాళ్ళ మెట్ల దగ్గర, వెంచర్ల ఆర్చీల పక్కన. కొందరు రోమన్ పాట్ అంటారు, కొందరు ఉత్త పెద్ద ఫ్లవర్ వాజ్ అంటారు. ఈ కాలమ్ చదివేవాళ్ళకి తెలుసు కదా, నాచారంలో ఫ్లాట్ కొన్న దగ్గర్నుంచి నేను రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతోంది. పోయినసారి ఫాల్స్ సీలింగ్, అంతకుముందు మాడ్యులర్ కిచెన్. ఈసారి కుండలు.

నా ప్లాన్ వేరే ఉంది. పింటరెస్ట్‌లో ఆరు నెలలుగా ఒక బోర్డు పెంచుకుంటున్నా. మట్టి రంగు గోడ, కాటన్ కర్టెన్, మూలన ఒక పొడుగాటి టెర్రకోట కుండ, అందులో ఒక్కటంటే ఒక్కటే ఎండుకొమ్మ. ఆన్‌లైన్‌లో ఆ కుండ 4,200 రూపాయలు. అమ్మ ఫొటోకి జవాబుగా దాని ఫొటో పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి. రిప్లై లేదు.

రాత్రి ఇంటికెళ్తే అన్నం పెడుతూ అంది.

"మీ తాత ఇంటికి కోడలుగ వచ్చినంక ఆరేండ్లు మట్టి తొక్కిన. గోర్లల్ల మట్టి పోకపోయేది. పెండ్లిళ్ళకు పోతె చేతులు కొంగు కింద దాసుకునేదాన్ని. ఇప్పుడు నువ్వు నాలుగువేలు పెట్టి మట్టికుండ తెచ్చి హాల్ల వెడ్తనంటవా?"

"అమ్మా, అది డిజైనర్‌ది."

"ఎవనిదైతేంది, మట్టే గదా."

నాయిన ఈ గొడవలో తలదూర్చలేదు. టీవీ సౌండ్ రెండు పాయింట్లు పెంచాడంతే.

చెప్పాలి కదా, మాది కుమ్మరి ఇల్లు. భువనగిరి దాటాక లోపలికి పోతే మా ఊరు. తాత సారె మీద కూర్చునేవాడు. చెరువు మట్టి తేవడం, నానబెట్టడం, తొక్కడం, ఎండబెట్టడం, ఆవంలో పేర్చడం ఇంటిల్లిపాది పని. ఊళ్ళోకి స్టీలు బిందెలు, ప్లాస్టిక్ బకెట్లు వచ్చాక ఆ పని పోయింది, నాయిన నాచారంలో కంపెనీ పనికొచ్చాడు. నాకు గుర్తున్న చిన్నతనమంతా షిఫ్టుల సైరనే. తాత చేసిన కుండ మా దగ్గర ఒక్కటీ లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆ ఫొటో పంపాను. ఇన్‌స్టాలో లక్షమందికి నచ్చిన వస్తువు మా ఇంట్లో ఎవరినైనా బాధపెడుతుందని తట్టనే లేదు.

అయినా నేను ఇంజినీర్ని. తప్పు ఒప్పుకునే ముందు ఒకసారి గూగుల్ చేసి గెలుద్దామని చూడటం మా వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే. అమ్మ పంపిన వాజు ఉత్త నకిలీ సరుకని నిరూపిద్దామని కూర్చున్నా. రాత్రి రెండయింది.

ఆ గంట ఆకారానికి పెద్ద వంశమే ఉంది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియంలో మెదిచి వాజ్ అని ఒకటుంది. మనిషెత్తుకి కొంచెం తక్కువ, పాలరాయి, సుమారు రెండువేల ఏళ్ళనాటిది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో బోర్గీసే వాజ్ అని దాని అన్నదమ్ముడు లాంటిది ఇంకొకటి. యూరప్‌లో రాజుల తోటలన్నిట్లో వీటి నకళ్ళు పెట్టారు. బోడుప్పల్ పిట్టగోడ మీద సిమెంటు కుండీ ఆకారం అక్కణ్ణుంచి వచ్చిందే. అయితే మెదిచి వాజ్ కూడా సొంత డిజైను కాదు. గ్రీకుల దగ్గర క్రేటర్ అనే పాత్ర ఉండేది. విందుల్లో ద్రాక్షసారాలో నీళ్ళు కలపడానికి వాడేవాళ్ళు. దాన్ని రోమన్లు పాలరాతిలో పెద్దగా చెక్కి తోటలో నిలబెట్టారు. అంటే మా హాల్లో సత్యనారాయణ వ్రతం జరిగేది మందు కలిపే గిన్నెల మధ్య. అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. వ్రతం అయ్యాక చూద్దాం.

ఇళ్ళల్లో పెట్టుకునే ఫ్యాషన్ మాత్రం 18వ శతాబ్దంలో మొదలైంది. 1738లో హెర్క్యులేనియం, 1748లో పాంపేయి అనే రోమన్ ఊళ్ళ తవ్వకాలు మొదలయ్యాయి. అగ్నిపర్వతం బూడిద కింద ఊళ్ళకి ఊళ్ళు బయటపడేసరికి యూరప్ మొత్తానికి పాతకాలం పిచ్చి పట్టింది. అప్పుడు నేపుల్స్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న విలియం హామిల్టన్ అక్కడి సమాధుల్లో దొరికిన కుండలన్నీ కొనేశాడు. వాటిని 1772లో బ్రిటిష్ మ్యూజియం 8,400 పౌండ్లకి తీసుకుంది. దానికన్నా నాకు నచ్చిన పని ఇంకొకటి చేయించాడాయన. ఆ కుండల బొమ్మలన్నీ కొలతలతో సహా గీయించి పెద్ద పెద్ద పుస్తకాలుగా వేయించాడు. పనివాళ్ళు చూసి అలాంటివి చేసుకోవడానికి పనికొస్తాయని. మన భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ బయట పెట్టేశాడు.

ఆ కోడ్‌ని ఫోర్క్ చేసినవాళ్ళలో అందరికన్నా పెద్దవాడు జోసయా వెడ్జ్‌వుడ్. ఇక్కడ నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నా. ఎందుకంటే ఆయన కుమ్మరి. ఇంగ్లండ్‌లో బర్స్‌లెమ్ అనే ఊళ్ళో తరతరాలుగా కుండలు చేసే ఇంట్లో 1730లో పుట్టాడు. చిన్నప్పుడు మశూచి వచ్చి కుడి మోకాలు పాడైంది. మన దగ్గర సారెని కర్రతో గిర్రున తిప్పి వదిలేస్తే దాని బరువుకి అదే తిరుగుతుంది. వాళ్ళ సారె అలా కాదు, కాలితో తన్నుతూ ఉండాలి. మోకాలు పనిచేయని కుమ్మరి ఏం చేస్తాడు? మట్టి రకాలు, రంగులు, మంట వేడి, వీటి మీద ప్రయోగాలు చేసుకుంటూ కూర్చున్నాడు. ప్రతి ప్రయోగానికీ నంబర్, ప్రతి దానికీ నోట్సు. కొలిమి లోపలి వేడి కొలవడానికి ఒక సాధనం కూడా తయారుచేశాడు, దానితో 1783లో రాయల్ సొసైటీలో సభ్యుడయ్యాడు. అన్నట్టు చార్లెస్ డార్విన్ తల్లి ఈయన కూతురే.

1768లో ఆ కాలు తీసేశారు. మరుసటి ఏడాది జూన్ 13న కొత్త ఫ్యాక్టరీ తెరిచాడు. ఆ రోజు పార్ట్‌నర్ బెంట్లీ సారె తిప్పుతుంటే వెడ్జ్‌వుడ్ తన చేత్తో ఆరు నల్లటి వాజులు తీశాడు. ఫ్యాక్టరీకి ఎట్రూరియా అని పేరు. ఇటలీలో ఎట్రుస్కన్లు అనే పాత జాతి ఉండేది, హామిల్టన్ కుండలు వాళ్ళవని అప్పటివాళ్ళ నమ్మకం. తీరా చూస్తే అవి గ్రీకు కుండలు. వేరియబుల్‌కి తప్పు పేరు పెట్టి, ప్రొడక్షన్‌లోకి పోయాక మార్చలేక వదిలేస్తాం చూడండి, అట్లాగ.

ఆయన అమ్మే పద్ధతి ఇంకా తెలివైంది. మొదట రాణులకి, ప్రభువులకి ఎక్కువ ధరకి అమ్మాడు. పెద్దింట్లో చూసి మధ్యతరగతి మనసుపడే టైముకి ధర తగ్గించి వాళ్ళకీ అమ్మాడు. షోరూం పెట్టాడు, నచ్చకపోతే డబ్బు వాపస్ అన్నాడు. వస్తువు అడుగున పేరు ముద్ర వేశాడు. ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే దానికి వాజ్ మేనియా అనే పేరే పడింది. చలిమంట గూడు పైన అరుగు మీద జతలుగా, మూడు, అయిదు చొప్పున సెట్లుగా పేర్చుకునేవాళ్ళు. మనకి చలిమంట గూడు లేదు, టీవీ యూనిట్ ఉంది. మొత్తం హాలు దానివైపే తిరిగి కూర్చుంటుంది. అటొకటి ఇటొకటి అని అమ్మ అన్నది అచ్చంగా అదే లెక్క.

నకిలీ అని నిరూపిద్దామని మొదలుపెట్టినవాడికి చివరికి దొరికిందేంటి? గ్రీకు గిన్నెకి రోమన్ కాపీ, రోమన్ కాపీకి ఇంగ్లీషు కాపీ, దానికి మన ఫైబర్ కాపీ. ఒరిజినల్ కావాలంటే ఎక్కడ ఆగాలో నాకైతే తెలియలేదు.

ఆదివారం అమ్మని సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్ళా. పైకి కారణం "ఊరికే", లోపల కారణం సారీ. ఉప్పల్ నుంచి కోఠి బస్సు. అమ్మకి జీరో టికెట్, నాకు డబ్బులు. దారి పొడుగునా నేను లెక్చరు. కోఠి అనే పేరుకి మూలమైన రెసిడెన్సీ, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న చోటు, 1803 ప్రాంతంలో కిర్క్‌పాట్రిక్ కట్టించడం మొదలుపెట్టాడని, దాని స్తంభాల తలల మీద ఉన్న ఆకులూ నువ్వడిగిన వాజు మీద ఆకులూ ఒకటేనని, అకాంథస్ అనే ముళ్ళ మొక్కవని. అటు ఫలక్‌నుమా కూడా ఇటలీ పాలరాయి, గ్రీకు స్తంభాలు, 1884లో వికారుల్ ఉమ్రా మొదలుపెట్టిందని. హైదరాబాద్ నవాబులు ఈ ఫ్యాషన్‌ని నేరుగా యూరప్ నుంచే దింపుకున్నారని. అమ్మ కిటికీలోంచి చూస్తూ "ఊఁ" అంది. అంబర్‌పేట దగ్గర కునుకు తీసింది.

మ్యూజియంలో మాత్రం పూర్తిగా మేలుకుంది. ఇదంతా చాలామటుకు ఒక్క మనిషి కొన్నదంటే నమ్మలేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోతే, 1951 డిసెంబర్ 16న ఆయన దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం తెరిచారు, ఇప్పుడున్న బిల్డింగులోకి 1968లో మార్చారు. జనమంతా గడియారం గంట కొట్టే చోటికి, ముసుగు రెబెక్కా దగ్గరికి పరిగెత్తుతుంటే మేం యూరప్ పింగాణీ వైపు పోయాం. ఫ్రాన్స్ సెవ్ర్, జర్మనీ డ్రెస్డెన్, ఇంగ్లండ్ వెడ్జ్‌వుడ్. బంగారు అంచులు, పూల గుత్తులు. అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది అమ్మ. నేను చూసే చోటు చూడట్లేదు. బొమ్మలు వదిలేసి అడుగు చూస్తోంది, పిడి అతికిన చోటు చూస్తోంది, మెడ దగ్గర వంపు చూస్తోంది.

"చెవులు తర్వాత అతికిచ్చిన్రు. మస్తు సాఫ్ చేసిన్రు గని, అతికిచ్చినయే."

ఫోన్‌లో పోర్ట్‌లాండ్ వాజ్ కాపీ చూపించా. ఒరిజినల్ రోమన్ కాలం నాటి ముదురు నీలం గాజు, దాని మీద తెల్ల గాజు బొమ్మలు, పట్టుమని పాతిక సెంటీమీటర్లు. దాన్ని మట్టిలో దింపడానికి వెడ్జ్‌వుడ్‌కి నాలుగేళ్ళు పట్టింది, 1790కి గాని సరిగ్గా కుదరలేదు. అమ్మ రెండు వేళ్ళతో జూమ్ చేసి చూసింది.

"గీ తెల్ల బొమ్మలు సపరేటుగ అచ్చుల తీసి పచ్చి మీదనే పెట్టిన్రు. ఒకటే మట్టి అయ్యుండాలె. లేకుంటె ఎండేటప్పుడు ఒకటి ముడుసుకుంటది ఒకటి ముడుసుకోది, పగుల్తది."

నేను ముందురోజు రాత్రి మూడు వెబ్‌సైట్లు తిరిగి తెలుసుకున్నది అదే. నాలుగేళ్ళ తిప్పలకి అది కూడా ఒక కారణం.

"నీకెట్ల తెల్సే?"

"ఐరేని కుండలకు ఎవరు పెట్టిన్రనుకున్నవ్ పూలు?"

తెలంగాణ పెళ్ళిళ్ళలో ఐరేని కుండలు లేకుండా పందిట్లో పని కాదు. కుమ్మరింటికి మేళంతో పోయి తెచ్చుకుంటారు. మీ కజిన్ పెళ్ళి వీడియోలో ఉంటాయి చూడండి, వెనక ఒకదాని మీద ఒకటి పేర్చి. తెల్లసున్నం పూసి, ఎర్ర జాజుతో తీగలు, చుక్కలు పెడతారు. కుండ తీసేది తాత. సారె మీద చెయ్యి వెయ్యనిచ్చేవాళ్ళు కాదు ఆడవాళ్ళని. రంగు మాత్రం అమ్మదీ నానమ్మదీ. "నాదొక తీగ ఉండేది, ఎవరికి రాకపోయేది" అంది. ఆ తీగ ఎట్లా ఉండేదని అడిగితే అద్దం మీద వేలితో గీయబోయింది. గార్డు వద్దన్నాడు.

నా ఎండుకొమ్మ కుండ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. ఆ సైట్లో 4,200 ధర ఉంది, కలెక్షన్ పేరుంది, ఫొటోగ్రాఫర్ పేరుంది. కుండ చేసినవాడి పేరు లేదు. టెర్రకోట కొనొద్దని కాదు నేననేది. కొనండి. కుదిరితే కుమ్మరి దగ్గరే కొనండి, ఎండాకాలం రంజన్ కూడా. కానీ మట్టి వాసన రొమాంటిక్‌గా అనిపించాలంటే ముందు అది గోళ్ళలోంచి పోయుండాలి. మా ఇంట్లో అది పోయి పాతికేళ్ళయింది, అమ్మకి ఇంకా చాల్లేదు. ఆ తెల్ల వాజులో ఆవిడకి నచ్చింది గ్రీకు కాదు, రోమ్ కాదు. అది కుండే, కానీ ఎవరూ తొక్కిన మట్టి కాదు.

సరే, కొనడం. షోరూంలో జత 14,000 అన్నారు. ఆఫీసులో ఒకతను చెబితే మల్లాపూర్ వైపు ఒక షెడ్డుకి పోయాం, అక్కడ 8,500. మీరు కొనాలనుకుంటే పనికొస్తుందని చెప్తున్నా, ఇవి మూడు నాలుగు రకాలు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ చవక, కానీ నీళ్ళు తగిలితే ఉబ్బి పొడి రాలుతుంది, మాప్ పెట్టే ఇంట్లో వద్దు. సిమెంటు బాల్కనీకి బాగుంటుంది గానీ నాలుగో అంతస్తుకి మోసేవాళ్ళకి దండం పెట్టాలి. పాలరాతి పొడి కలిపిన రెజిన్ చేతికి చల్లగా, బరువుగా ఉంటుంది, ధరా అట్లాగే. ఎక్కువ అమ్ముడయ్యేది ఫైబర్. అచ్చు లోపల జెల్‌కోట్ పూసి, దాని మీద గాజు పీచు చాప పరిచి, రెజిన్‌లో హార్డెనర్ కలిపి బ్రష్‌తో తడుపుతారు. గట్టిపడ్డాక రెండు సగాలూ కలిపి, గీత కనపడకుండా రుద్ది స్ప్రే చేస్తారు. వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. పిడి కింద వేలు పెట్టి చూడండి, అతుకు అక్కడ దొరికిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే అడుగున రెండు మూడు కిలోల ఇసుక సంచి పెట్టండి, లేకపోతే దుపట్టా తగిలినా పడుతుంది.

ఈ అచ్చు ఎక్కడిదన్నా అని షెడ్డు ఆయన్ని అడిగా. ఎప్పుడో సినిమా సెట్టు కోసం చేసినదాని మీంచి తీసిందట. ఎంత నిజమో. నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణా స్టూడియో ఉంది కాబట్టి నమ్మబుద్ధేసింది. పాత సినిమాల్లో జమీందారు బంగళా మెట్లకి రెండు పక్కలా ఉండేవి ఇవే కదా. ఆ మెట్ల మీద నుంచే సిల్కు గౌను వేసుకున్న నాన్న దిగొచ్చి, పేదింటి కుర్రాణ్ణి గెట్ అవుట్ అంటాడు. అమ్మ ఆ సినిమాలన్నీ భువనగిరి టాకీసులో నేల టికెట్‌లో చూసింది.

వాజులు గృహప్రవేశానికి మూడు రోజుల ముందు ట్రాలీ ఆటోలో వచ్చాయి. లిఫ్ట్ తలుపు దగ్గర తగిలి ఒకదానికి ఆకు కొస విరిగింది. రెండంగుళాల ముక్క, రోడ్డు మీదే ఎక్కడో పడిపోయింది. నేను ఫోన్ తీసి షెడ్డు ఆయనకి ఫొటో పెట్టి, మారుస్తారా లేదా అని టైప్ చేస్తున్నా. నాకిప్పటికీ ఆ వాజులు అందంగా అనిపించవు, ఆ మాట దాచను. కానీ డబ్బులు డబ్బులే.

అమ్మ అప్పటికే నాయినని కిందికి పంపి ఎంసీల్ తెప్పించింది. రెండు ముద్దలూ చేతిలో వేసుకుని పిసకడం మొదలుపెట్టింది. నేను అట్లా పిసకడం ఎప్పుడూ చూడలేదు. అరచేతి మడమతో నొక్కడం, మడవడం, మళ్ళీ నొక్కడం, మధ్యలో వేళ్ళు తడి చేసుకోవడం. రంగు ఒక్కటయ్యాక చిటికెడు తీసి విరిగిన చోట పెట్టి, బొటనవేలితో పైకి లాగింది. ఆకు లేచింది. ఇంకో పక్క ఆకుని చూసి దాని ఈనెలు అగ్గిపుల్లతో గీసింది, కొసని కొంచెం బయటికి వంచింది. నాయిన టీవీ బాక్సు విప్పుతున్నవాడల్లా ఆగి చూస్తున్నాడు.

నేను దగ్గరికి పోయి వేలు పెట్టబోయా.

"ముట్టకు. ఇంక ఆరలే" అంది.